బాబు జాజికాయ

నా చిన్నప్పుడు మా శంషాబాద్‌లో ఏ ఆడమనిషి చెంపల మీద మంగు మచ్చలు కనిపించినా, జనం కళ్లు ముందు ఆమె చంకలో బిడ్డ కోసం వెతికేవి. మా పక్కింటి అక్కకు కడుపుతో ఉన్నప్పుడే మంగు మొదలైంది. కాన్పయ్యాక అదే పోతుందన్నారు. మంగు పోలేదు. పేరు పెట్టకముందే, జ్వరమొచ్చి, బాబు పోయాడు.

సంగతి తెలియని ఆడవాళ్లు బోరింగు దగ్గర ఆ మచ్చలు చూసి, "బాలింతవా? పిల్లగాడేడి?" అనేవారు. అక్క బిందె నిండకుండానే వెనక్కి వచ్చేసేది. కొత్తూరులో ఆడబిడ్డ పెళ్లి దగ్గరపడుతోంది. అక్కడ ఎంతమంది అడుగుతారోనని ఆమెకు ఒకటే దిగులు. ఎలాగైనా ఆలోపు మంగు పోవాలి.

మెడికల్ షాపువాడు ఇచ్చిన ట్యూబు రాసింది. మొదట్లో ముఖం తెల్లబడితే మేమంతా మురిసిపోయాం. తర్వాత చర్మం ఎర్రగా కంది, మంటెత్తి, మంగు ఇంకా ముదిరింది. దవాఖానలో డాక్టరమ్మ కోప్పడి ట్యూబు మాన్పించింది, ఎండలో తిరగొద్దంది. నీళ్లు మోసే మనిషికి ఎండ తప్పుతుందా!

మా నానమ్మ ఊరుకునే మనిషి కాదు. "గా ట్యూబులు గీబులు పారేయ్. పాలల్ల జాజికాయ అరగదీసి పెడితే ఎందుకు పోదో నేను చూస్త" అంటూ ఒక మధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. గూట్లో సానరాయి, పక్కనే జాజికాయ కనిపిస్తే తానే తీసుకుని అరగదీయడం మొదలుపెట్టింది. లోపలినుంచి వచ్చిన అక్క అది చూసి గబగబా దగ్గరికి వచ్చింది.

"అవ్వా, గది మా బాబుది" అంది.

పసిపిల్లలకు కడుపునొప్పి రాకుండా జాజికాయ అరగదీసి నాకించడం మా ఇళ్లలో మామూలే. ఆ కాయ ఒక పక్క కొంచెమే అరిగి ఉంది. వాడు వాడుకున్నది అంతే.

నానమ్మ చెయ్యి ఆగిపోయింది. కాయను కొంగుతో తుడిచి అక్క చేతిలో పెట్టింది. "పేరేమనుకున్నవు బిడ్డా?" అని అడిగింది.

అప్పటిదాకా ఆ మాట ఎవరూ అడగలేదు. బాధపడుతుందని మేమెవరమూ బాబు ఊసే ఎత్తేవాళ్లం కాదు. అక్క పేరు చెప్పి భోరుమంది. ఇక ఆగలేదు. వాడి ఒత్తు జుట్టు, కాళ్లు ఆడించడం, పాలు తాగుతూనే నిద్రపోవడం, అన్నీ పొద్దుగూకేదాకా చెబుతూనే ఉంది. సానరాయి మీద జాజికాయ గంధం ఎండిపోయింది.

పెళ్లికి అక్క మంగుతోనే వెళ్లింది, నన్నూ వెంట తీసుకెళ్లింది. పందిట్లో ఒకావిడ అడగనే అడిగింది, "పిల్లగాడేడమ్మా?" అని. అక్క మాత్రం తల దించుకోలేదు. "పోయిండు వదినె" అని, వాడి పేరు చెప్పింది.

ఇప్పుడు నా చెంపల మీదా మంగుంది. మా అమ్మాయి తెచ్చే క్రీములు రాసుకుంటాను, పోతే పోతుంది, లేకుంటే లేదు. కానీ బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎదురైతే మాట మార్చి తప్పుకోను. పక్కన కూర్చుని పేరు అడుగుతాను. ఈమధ్యే అక్క కూడా కన్నుమూసింది. మా వాడలో ఆ బాబు పేరు గుర్తున్నది ఇక నాకొక్కదానికే.