సుగుణత్త చూసిన హంగేరీ సినిమా

మా చిన్నప్పుడు... ఒక శనివారం మధ్యాహ్నం, రేపల్లె స్టేషన్లో ప్యాసింజరు బండి కదులుతుంటే సుగుణత్త నన్ను రెక్క పట్టుకుని ఎక్కించేసింది.

"మెల్లగా అత్తా!"

"మెల్లగా వెళ్తే సినిమా అయిపోద్దే!"

సుగుణత్త మా నాన్న చెల్లెలు. ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరు. ముప్పై దాటినా వచ్చిన సంబంధాలన్నీ తనే వద్దంది. అందుకే చుట్టాలకు ఆమె మీద ఎప్పుడూ గుర్రే...

అప్పట్లో తెనాలిలో ఒక ఫిలిం క్లబ్బు ఉండేది. బాపట్ల నుంచి ఒక లెక్చరర్ గారు వచ్చి, విదేశీ సినిమాల రీళ్లు తెప్పించి చిన్న హాల్లో వేసేవారు. ఆ రోజుది పాత హంగేరీ సినిమా. నలుపు తెలుపు. ఆ భాష మనకు రాదు కదా... ఆయనే ప్రొజెక్టరు పక్కన నిలబడి కథ తెలుగులో చెప్పేవారు.

ఒక కుర్ర సైంటిస్టు, రేపు జరగబోయేది చూపించే యంత్రం తయారు చేస్తాడు. అందులో తన పెళ్లి కనబడుతుంది. పెళ్లికూతురు ఎవరంటే ఎదురింటి టైపిస్టు! పూలు పట్టుకుని పరుగెత్తుకెళ్లి చెబితే, "నీ యంత్రం చెబితే నేను చేసుకోవాలా?" అని ఆ అమ్మాయి దభీమని తలుపేస్తుంది.

అత్త పకపకా నవ్వింది. హాల్లో ఆడవాళ్లం మేమిద్దరమే...

చివరికి ఆ యంత్రం కాలిపోతుంది. రేపేం జరుగుతుందో ఇక ఎవరికీ తెలియదు. అప్పుడొస్తుంది ఆ అమ్మాయి. తనంతట తానే అతని మెడ చుట్టూ చేతులు వేసి...

తెర నల్లబడిపోయింది! లెక్చరర్ గారు లెన్సుకు అరచెయ్యి అడ్డం పెట్టారు.

"లేడీసు, పిల్లలు ఉన్నారు కదండీ..." అంటూ నసిగారు.

అత్త లేచి నిలబడింది. "చెయ్యి తియ్యండి సార్. ఆ అమ్మాయి మనసు ఎప్పుడు మారుద్దా అని గంటన్నర నుంచి చూస్తున్నాం. తీరా మారాక మాకు చూపించరా?"

అందరూ వెనక్కి తిరిగారు. నాకు బెంచీ కింద దూరాలనిపించింది. అత్త చెయ్యి పట్టుకుని కిందికి లాగాను... అయినా కూర్చోలేదు.

ఆయన చెయ్యి తీశారు. రీలు వెనక్కి తిప్పి మళ్లీ వేశారు కూడా!

సోమవారానికల్లా కబురు రేపల్లె చేరింది. సాయంత్రం ప్రార్థన అయ్యాక తాతయ్య బైబిలు మూసి, "మగవాళ్ల మధ్యన లేచి ముద్దు సీను చూపించమన్నావంట. ఏంటమ్మాయ్ ఇది? ఆ సారుకి క్షమాపణ రాయి" అన్నారు.

"తప్పు చేస్తే రాసేదాన్ని నాన్నా. చెయ్యలేదు."

"నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగురూ కూడా ఆ సీను చూశారు కదా నాన్నా!"

తాతయ్య పోస్టుకార్డు తెచ్చి అత్త ముందు పెట్టారు. అత్త కార్డు అయితే రాసింది. డబ్బాలో వెయ్యమని నాకిస్తే దారిలో చదివేశాను. "అయ్యా, వచ్చే నెల సినిమాకు మా స్కూలు అమ్మాయిలు ఆరుగురిని తీసుకొస్తున్నాను. ముందు వరసలో బెంచీ ఉంచగలరు."

అన్నట్టే తీసుకెళ్లింది. ఆ రోజు తాతయ్య, "తిరుగు బండి ఎన్నింటికమ్మా?" అని మాత్రం అడిగారు.

నలభయ్యో ఏట అత్త తనకు నచ్చిన లెక్కల మాస్టారిని చేసుకుంది. అప్పుడూ ఎవర్నీ అడగలేదు!

ఇప్పుడు ఆ క్లబ్బూ లేదు, హాలూ లేదు. ఏ దేశం సినిమా అయినా ఎవరి ఫోన్లో వాళ్లం ఒంటరిగా చూసేస్తున్నాం... పదిమందిలో పోట్లాడాల్సిన పనే లేదు. ఆ పోట్లాట చేతకాకుండా పోతోందేమో అని నా బెంగ. మీ ఇంట్లోనూ అలా లేచి నిలబడ్డ అత్తలు, పిన్నులు ఉండే ఉంటారు. వాళ్ల పేర్లు రాయండి... ఒక్కొక్కటీ పైకి చదువుకుంటాను.