మా యారాలి ఇంటి కప్పు

కల్హేర్ అంగట్లో మిరపకాయలు బేరం చేస్తుంటే మా వాడ ఆటో అతను వెతుక్కుంటూ వచ్చి చెప్పాడు. "చిన్నమ్మా, మీ యారాలు పోయింది. జల్దీ ఎక్కు."

నారాయణఖేడ్ చేరేదాకా ఆటోలో అందరూ ఆమె గురించే మాట్లాడారు. గాలి దుమారానికి వాడంతా రేకులు లేచిపోయినా ఆమె ఇంటి మీద ఒక్కటీ కదల్లేదని ఒకామె తన కొత్త కోడలికి చెబుతోంది. పక్కనే ఏడుస్తూ కూర్చున్న నాకు ఆ ఏడుపులోనే కడుపు మండింది. నేను పోతే ఆటోలో ఇంతసేపు చెప్పుకోవడానికి ఏముంటుంది?

ఆమె మా ఆయన అన్న భార్య. అన్నదమ్ములు నడుమ గోడ పెట్టి ఇల్లు పంచుకున్నాక మాకు చెరో సగం వచ్చింది. ఆమె తన సగంలో ముందు గదిని పిండిగిర్ని చేసింది. పొద్దున లేస్తే ఆ గిర్ని చప్పుడు, సాయంత్రం కనుబొమ్మల మీద పిండితో గడపలో నిలబడి ఆకాశం చూసే ఆమె. ఏది కొన్నా, ఎవరితో మాట్లాడినా "అడిగితే నోరేమన్న అరుగుతదా?" అనేది.

మా వైపు చుట్టూ మెట్ట చేన్లు. గాలికి అడ్డం ఏదీ ఉండదు. ఎండాకాలం చివర దుమారం లేచిందంటే ఏటా ఎవరివో రేకులు ఎగిరేవి. అందరం కప్పు మీద రాళ్లు పెట్టుకుని దేవుడికి దండం పెట్టేవాళ్లం.

గిర్నికి అప్పిచ్చిన బ్యాంకువాళ్లు బీమా ఉండాలన్నారు. సంగారెడ్డి నుంచి ఏజెంటు వస్తే ఆమె చాయ్ ఇచ్చి, ఇల్లు కూడా అందులోనే కలపమంది. బీమాకు ఆయన చెప్పిన కిస్తు విని నోటి మీద చేయి పెట్టుకుంది.

"గింతనా? తగ్గాల్నంటే మేమేం జెయ్యాలె సారూ? గది చెప్పు."

"తగ్గించమని అందరూ అంటరమ్మా. ఎట్ల తగ్గుతదో అడిగింది మీరే" అని నవ్వి ఆయన ఒక్కొక్కటే చెప్పాడు. గోడ ఇవతల నుంచి నేనూ విన్నాను.

ఆ వేసవిలో ఆమె అన్నీ చేసింది. కప్పు మీది రాళ్లు దింపించింది. రేకులను దూలాలకు బోల్టులతో, దూలాలను గోడకు ఇనుప పట్టీలతో బిగించింది. రేకులకూ గోడకూ మధ్య గాలి దూరే సందులు పూడ్పించింది. చిన్న చిన్న నష్టాలు తానే భరిస్తానంది. కొన్నేళ్ల కిస్తు ఒకేసారి కట్టింది. ఏజెంటు విలువ రాస్తుంటే అడ్డుపడింది. "జాగెందుకు రాస్తున్నవ్ సారూ? జాగను గాలి ఎత్కపోతదా? గోడలు, కప్పు రాస్తే సాలు."

కప్పు మీదికి వంగిందని వేపకొమ్మ కూడా కొట్టించింది. నా వాకిట్లో నీడ ఆ కొమ్మదే. చాలా రోజులు నేను మాట్లాడలేదు.

ఊరుకోగలనా? మా ఆయన ప్రాణం తీసి అదే ఏజెంటును పిలిపించాను. ఆమె కాగితం కన్నా నా కాగితంలో పెద్ద అంకె ఉండాలి. వద్దని ఏజెంటు చెబుతున్నా జాగ విలువ కూడా కలిపించి, ఆమె కన్నా ఎక్కువ కిస్తు కట్టి, ఆ సంగతి వాడంతా చెప్పుకున్నాను. కప్పు మీది రాళ్లు మాత్రం అట్లాగే ఉన్నాయి.

రెండేళ్లకు ఒక సాయంత్రం రాళ్లవానతో దుమారం వచ్చింది. నా రేకులు ఒకదాని వెనుక ఒకటి లేచాయి. మీద పెట్టిన రాయి ఒకటి పిల్లల మంచం పక్కనే పడింది. నేను లేచిపోతున్న రేకులనే చూస్తూ నిలబడ్డాను. ఇంతలో నెత్తి మీద ఇనుప గమేళా బోర్లించుకుని ఆమె వచ్చింది.

"ఏం జూస్తున్నవ్ చెల్లే! పోరగాండ్లను ఎత్కొని జల్దీ రా!"

గిర్నిలో బస్తాల మధ్య కూర్చున్నాం. నా చిన్నది ఆమె ఒళ్లోనే నిద్రపోయింది. ఎక్కడో ఒక్క చుక్కయినా కారుతుందేమోనని నేను ఆ కప్పు వైపే చూస్తూ కూర్చున్నాను. కారలేదు.

తర్వాత నష్టం రాసుకోవడానికి మనిషి వస్తే నా తరఫున ఆమే మాట్లాడింది. విరిగిన ప్రతి దూలం చూపించింది. కప్పుకే డబ్బులొచ్చాయి. జాగకేం వస్తుంది, అది ఎక్కడిదక్కడే ఉంది! అయినా నాకు సంబరమే. ఆమెకు పైసా రాలేదు కదా. కానీ వాడవాళ్లందరూ ఆమె కప్పు చూడటానికి వచ్చారు. డబ్బు నాది, పేరు ఆమెది.

మేస్త్రీని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. "మల్ల రాళ్లు వెట్టినవంటే నేనూకోను. బోల్టులు ఏపియ్యి. కాగితంలకెల్లి గా జాగ తీసేపియ్యి."

పళ్లు కొరుకుతూ చేశాను. మరుసటిసారి నా కిస్తు ఆమెదాని కన్నా తక్కువ వచ్చింది! కాగితం చూపిస్తే తిప్పి తిప్పి చూసి నా చేతిలో పెట్టి పోయింది. నాలుగు రోజుల తర్వాత గోడ మీదుగా పిలిచింది.

"ఏజెంటు నడిగిన. నీ ఇంట్ల మిషిన్ లేదు, గందుకే తక్కువొచ్చింది. ఉంటేనా, నాదే తక్కువొచ్చేది."

"అట్లనే అనుకో అక్కా" అన్నాను. ఆ రోజు సేమ్యా పాయసం చేసి ఆమెకో గిన్నె పంపాను. గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది, కానీ బాగుందని మాత్రం అనలేదు. అంత తీపి పాయసం మళ్లీ నా చేతికి కుదరలేదు.

పోయిన వారం మధ్యాహ్నం గాలి లేచింది. పోయిన యారాలి చీరలు ఎవరికైనా ఇద్దామని ఆమె కోడలు ఉతికి తమ వాకిట్లో ఆరేసి బజారుకు పోయింది. ఎండబెట్టిన నా వడియాలు వదిలేసి పరిగెత్తాను. అన్నీ తీశాక చివర నీలం నేతచీర మిగిలింది. ఒకే రోజు, ఒకే దుకాణంలో ఇద్దరం కొనుక్కున్నవి. నాది నాలుగు ఉతుకులకే వెలిసిపోయింది. ఆమెది చూడండి, కొన్నట్టే ఉంది. ఏం పెట్టి ఉతికేదో, ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు. కొంగు గుప్పిట్లో బిగించి పట్టుకున్నాను. చీరంతా గాలికి నిండి, నన్ను ఆమె గడప వైపు లాగుతూనే ఉంది.