సొంత మాటల గడి

డిగ్రీలో నా మేజర్ ఎకనామిక్స్, మైనర్ స్పెషల్ ఎడ్యుకేషన్. మైనరంటే మా తాతయ్యకు తెలిసింది సిల్కు లాల్చీ, సెంటు, పేకాట. కాబట్టి మా ఇంట్లో ఈ చదువు గురించి ఎవరూ సీరియస్‌గా అడగలేదు. దాన్నెందుకు తీసుకున్నానో నాకూ సరిగ్గా తెలియదు. మిగతా మైనర్లలో సీట్లు అయిపోయాయన్నది ఒక కారణం. పిల్లలంటే ఇష్టమని దరఖాస్తులో రాసింది మాత్రం పచ్చి అబద్ధం. చిన్నపిల్లలు నన్ను చూసి ఏడుస్తారు. వాళ్ళను చూస్తే నాకూ ఇంచుమించు అలాగే ఉంటుంది.

చివరి ఏడాది ప్రాక్టికల్స్‌కి నన్ను ఫిల్మ్ నగర్‌లో ఒక సెంటర్‌కి వేశారు. జూబ్లీహిల్స్‌లో మా ఇంటి నుంచి ఆటోలో పది నిమిషాలు. కింద ఎవరిదో ఎడిటింగ్ ఆఫీసు, పైన రెండు గదుల్లో సెంటర్. వారానికి రెండు రోజులు వెళ్ళి ఒక పాపను గమనించి రాయాలి. నాకు అప్పగించిన పాపకు ఏడేళ్ళు. మాటలు ఆలస్యంగా వచ్చాయి, వచ్చినవి కూడా ఎక్కడో విన్న వాక్యాలే. విన్నది విన్నట్టు తిరిగి చెప్పడానికి మా పుస్తకంలో ఒక పెద్ద పేరుంది. పరీక్షల్లో దాని స్పెల్లింగు నేనెప్పుడూ తప్పు రాయలేదు, అదో గర్వం నాకు.

వాళ్ళమ్మ డబ్బింగ్ ఆర్టిస్టు. హీరోయిన్లకు కాదు, హీరోయిన్ పక్కనుండే స్నేహితురాళ్ళకు, వదినలకు, బస్టాపులో నిలబడ్డ ఆడవాళ్ళకు గొంతు ఇస్తుంది. యూసుఫ్‌గూడలో ఒక్క గది ఇంట్లో ఉంటారు. ఆ జూన్‌కి పాపను మామూలు బడిలో ఒకటో తరగతిలో వేయాలని ఆమె పట్టుదల. బడివాళ్ళు సెంటర్ నుంచి రిపోర్టు అడిగారు. పాప తనంతట తాను మాట్లాడుతుందా, తనకేం కావాలో చెప్పగలదా అన్నదే వాళ్ళ ప్రశ్న. దానికి ఆధారం నేను నింపే కాగితం. ఇరవై ఏళ్ళ నా చేతికి అంత పని ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

కాగితంలో రెండు గడులు. ఒకటి సొంత మాట, రెండోది అరువు మాట. పాప నోరు విప్పినప్పుడల్లా ఆ వాక్యం రాసి, దాని గడిలో గీత పెట్టాలి. గమనించేవాళ్ళు నవ్వకూడదు, జవాబివ్వకూడదు. మొదటిరోజే చిక్కొచ్చింది. పాప నా దగ్గరకొచ్చి "నీళ్ళు తాగుతావా?" అంది. ఎవరో తనను అడిగిన ప్రశ్న అది, దాహం మాత్రం తనది. ఎటూ తేలక రెండు గడుల మధ్యనున్న గీత మీద గీత పెట్టాను. సెంటర్ నడిపే మేడమ్ దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసి, ఏదో ఒకటి తేల్చమన్నారు. అరువులో వేశాను. తరువాత అదే అలవాటైపోయింది.

ఆఖరి గురువారం పాప పూసలు గుచ్చుతూ గుచ్చుతూ ఆగి, నావైపు తిరిగింది.

"ఇంక నా వల్ల కాదండీ. నన్ను వదిలేయండి."

గొంతులో జీరతో సహా సినిమా డైలాగు. వాళ్ళది తెలంగాణ ఇల్లు, ఆ ఇంట్లో ఎవరూ అండీ అనరు. నా సర్వీసులో మొదటిసారి ఏ సందేహమూ లేకుండా అరువు గడిలో గీత పెట్టాను. కాసేపటికి మళ్ళీ అంది. మళ్ళీ పెట్టాను. అన్న ప్రతిసారీ నా ముఖంలోకి చూస్తూ ఆగేది. మేడమ్ అవతలి గదిలో ఉన్నారు, నాకు విసుగొచ్చింది, తల వంచుకుని కూర్చున్నాను. మొత్తం తొమ్మిది గీతలు. వాటి కింద ముచ్చటగా అడ్డగీత గీసి, కాగితం మేడమ్‌కి ఇచ్చేశాను.

వాళ్ళమ్మ వచ్చేసరికి పాప ఆ వాక్యమే పదోసారి అంది. ఆమె వెంటనే "ఓకే" అంది. పాప ఊరుకుంది. ఆమె కింద కూర్చుని పాప మెడ, చేతులు, కడుపు తడిమి, చివరికి ఎడమకాలి బూటు విప్పింది. బడికోసం ముందే కొని, అలవాటు కావాలని వేసి పంపిన కొత్త బూట్లు. మడమ దగ్గర చర్మం లేచి, సాక్సు నెత్తురుతో అంటుకుపోయింది.

ఎన్నిసార్లు అన్నదని అడిగింది. తొమ్మిదని చెప్పాను. అది మాత్రం నాకు కచ్చితంగా తెలుసు. మీరు ఓకే అనలేదా అంది. ఎందుకనాలో నాకు తెలియలేదు. అప్పుడు ఆమె చెప్పింది. పాపను ఒంటరిగా వదల్లేక డబ్బింగ్ థియేటర్‌కి తీసుకెళ్తుంది. అక్కడ అద్దం అవతలి ఇంజనీరు ఓకే అనేదాకా అమ్మ అదే ముక్క మళ్ళీ మళ్ళీ చెప్తుంటుంది. పాప ఏళ్ళ తరబడి చూసింది అదే.

"ఓకే అనకపోతే మీకు వినపడలేదనుకుంటది మేడమ్. గందుకే మళ్ళ చెప్తది."

సెంటర్ మేడమ్ దగ్గరకెళ్ళి ఆ తొమ్మిదీ సొంత మాటల్లోకి మార్చమన్నాను. ఆమె చెడ్డ మనిషి కాదు, ఓపిగ్గా విన్నారు. ఆ వాక్యం పాప సొంతంగా కట్టిందేనా అని అడిగారు. కాదు, వాళ్ళమ్మ ఏదో వదిన పాత్రకు చెప్పిందని ఒప్పుకున్నాను. అలాంటప్పుడు ఏ గడి అన్నారు. ఒక పేజీ వివరణ రాసి జతచేశాను. అందులో బహుశా అనే మాట నాలుగుసార్లు వచ్చింది.

బడివాళ్ళు ఆ పేజీ చదివారో లేదో తెలియదు. గీతలు మాత్రం లెక్కపెట్టుకున్నారు. ఈ ఏడాదికి వద్దు, సొంతంగా మాట్లాడ్డం వచ్చాక చూద్దామన్నారు. కాలేజీలో నాకు ప్రాక్టికల్స్‌కి ఇరవైకి పంతొమ్మిది వేశారు.

సర్టిఫికెట్ మీద సంతకం కోసం వెళ్ళినరోజు వాళ్ళమ్మ మెట్ల మీద ఎదురైంది. తప్పు నాదేనక్కా అన్నాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. వచ్చే ఏడు కూడా మీరే రాస్తారా అని అడిగింది. ఆ అడగడంలో కోపముందో బతిమాలుకోవడముందో నేను పోల్చుకోలేకపోయాను. నా డిగ్రీ అయిపోయిందని, ఇంకెవరో అమ్మాయి వస్తుందని చెప్పాను.

"గట్లనా. గా వచ్చే అమ్మాయికి జర చెప్పి పోండ్రి మేడమ్. పాప ఏమన్నా అంటే విన్ననని అనమనుండ్రి, సాలు."

చెప్తానని మాటిచ్చాను. ఆ వచ్చే అమ్మాయి ఎవరో నాకు తెలియదు.