సీటు కవర్లకు పెళ్ళిచూపులు

బడీ నేనూ ఏడో తరగతిలో ఒకరినొకరం వదిలేసుకున్నాం. ఇద్దరం సుఖంగానే ఉన్నాం. ఆ తర్వాత నేను నేర్చిన విద్యల్లా స్టీరింగే. బత్తలపల్లెలో ఉంటూ, ధర్మవరం వాళ్ళకు కారు బాడుగకు తోలుతుంటాను. కారు వయసు మాత్రం అడక్కండి. దిగి నెట్టమని ఎవరినీ అడగనంత వరకు అది కుర్రదే అని నా లెక్క.

ఇంజను సంగతి సరే, సీట్లే పరువు తీశాయి. వెనక సీటు రెగ్జిను కవరు మా నేలలాగే నెర్రెలు విచ్చింది. ఒకచోట బాగా చిరిగితే సన్నటి తీగతో నేనే కుట్టేశాను. తెలివి అవసరానికి మించి ఉన్నప్పుడు మనిషి చేసే పని అది.

ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే శెట్టిగారింటికి నేను వాడుక డ్రైవర్ని. శెట్టిగారి తల్లిని పెద్దమ్మా అంటాను. వైశాఖంలో ఒక మంగళవారం ఆమెను గుడి నుంచి తెచ్చి ఇంటి ముందు ఆపాను. ఒక కాలు కింద పెట్టి, రెండో కాలు పెట్టబోయి ఆగిపోయింది.

"ఏమప్పా, నీ బండి నన్ను దిగనీదే!"

"మీరంటే దానికి అంత ప్రేమ పెద్దమ్మా" అన్నాను.

ఆమె నవ్వలేదు. నేను కుట్టిన తీగ కొస ఆమె కొంగును కొరికి పట్టుకుంది. విడిపించేసరికి జానెడు జరీ పోగు బయటికి వేలాడింది. పట్టుచీరలు అమ్మే ఇంటి పెద్దావిడ కట్టుకున్న చీర!

"సూడప్పా" అంది నెమ్మదిగా. "శుక్రవారం కొత్తచెరువులో మా మనవరాలి నిశ్చితార్థం. పొద్దున ఎనిమిదికి బయలుదేరల్ల. ఆడోళ్ళందరం పట్టుచీరల్లో ఉంటాం. సీట్లు ఇట్లే ఉంటే నువ్వు రావొద్దు. ఇంగొక బండి మాట్లాడుకుంటాం. శుక్రవారానికే కాదు, ఈసారి ముహూర్తాలన్నిటికీ ఆ బండే."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకు నా దగ్గర జవాబులుంటాయి. ఆ ఇంటి బాడుగలు లేకపోతే ఆ సీజనంతా నా కారు వేపచెట్టు కింద కోళ్ళకు నీడనిచ్చుకుంటూ ఉండాల్సిందే.

బుధవారం అనంతపురంలో సీటు కవర్ల అంగడికి పోయాను. లోపల అరడజను కార్లు వరుసలో నిలబడి ఉన్నాయి. అంగడాయన తలెత్తకుండానే చెప్పాడు.

"శనివారం రాన్నా. పెండ్లిళ్ళ సీజను. మా వాళ్ళకు తల గోక్కునే తీరిక లేదు."

"నాకు శుక్రవారం పొద్దునకే కావల్లప్పా. కవర్లు ఇయ్యి చాలు, నేనే వేసుకుంటా."

అప్పుడు తలెత్తాడు. "నువ్వా? దుప్పటి కప్పినట్ల అనుకుంటివా ఏమి? సగం తొడిగి, మిగిలిన సగం సంకలో పెట్టుకోని శనివారం నా దగ్గరికే వస్తావు సూడు."

"వస్తే టీ తాగిపిస్తావా?"

"అంత లేదు."

సరే, కవర్లు చూపించాడు. ముందుగా నల్లగా నిగనిగలాడే రెగ్జిన్. బాగానే ఉంది గానీ, మా ఎండలో గంటసేపు బండి నిలబెట్టి దాని మీద కూర్చున్నవాడు మళ్ళీ నా బండెక్కడు, పక్కమీద బోర్లా పడుకుంటాడు. తర్వాత మెత్తటి బొచ్చు కవరు. మా దారుల్లోని దుమ్మంతా అందులో కాపురం పెడుతుంది. ఇంకోటి వల అల్లికది, గాలి ఆడుతుందన్నాడు.

నేను జేబులోంచి పట్టుగుడ్డ ముక్క ఒకటి తీశాను. మా ఆవిడ రవిక కుట్టించుకోగా మిగిలిన పీలిక అది, అంచున జరీ కూడా ఉంది. దాన్ని ఒక్కో కవరు మీద పెట్టి నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి లాగాను. వల అల్లికది టక్కున పట్టుకుంది. వద్దన్నాను. ఇంకో దాని కుట్టు గరుకుగా ఉంది. వద్దన్నాను. అంగడాయనకు ఓపిక తగ్గుతూ వచ్చింది.

"ఏందన్నా ఇది, సీటు కవర్లకు పెండ్లిచూపులా?"

"పెండ్లిచూపుల్లో మా ఆవిడను ఇంతసేపు చూడనిచ్చింటే నన్ను చేసుకునేదే కాదు" అన్నాను.

నవ్వాడు. నవ్విన తర్వాత మనిషి మంచి సరుకు బయటికి తీస్తాడు. దట్టమైన నేత గుడ్డ, నున్నగా ఉంది, కుట్లన్నీ లోపలికి మడిచి ఉన్నాయి. పట్టుముక్క దాని మీద నీళ్ళలా జారింది. రంగు అచ్చం మా ఎర్రమట్టి రంగు. దుమ్ము పడినా ఏది దుమ్మో ఏది కవరో దుమ్ముకే తెలియదు. తీసుకున్నాను.

గురువారం పొద్దున్నే వేపచెట్టు కింద పని మొదలుపెట్టాను. కవర్ల సంచిలో ఒక కాగితం ఉంది. అంతా ఇంగ్లీషు, అక్కడక్కడా బొమ్మలు. బొమ్మలో మనిషి నవ్వుతూ కవరు తొడుగుతున్నాడు. అప్పుడే అనుమానించి ఉండాల్సింది.

డ్రైవరు సీటుతో మొదలు. తలకానించే దిండును పైకి పీకితే రాలేదు. రెండు చేతులతో పీకినా రాలేదు. అలిసిపోయి దాని మీదే వాలితే, వేలి కింద ఏదో మీట నొక్కుకుని మెత్తగా పైకొచ్చింది. మనుషుల్లోలాగే కార్లలోనూ నొక్కాల్సిన చోట్లు ఉంటాయన్నమాట. ఇక పాత కవరు. కత్తి తీసుకుని మెడ దగ్గర నుంచి కింది వరకు సర్రున కోసి, పట్టీలన్నీ తెంచి, గోడవతలికి విసిరాను. ఆ విసరడంలో మంగళవారం నాటి కోపమంతా ఉంది.

కొత్త కవరు వీపు భాగం చక్కగా తొడుక్కుంది. చిక్కంతా కూర్చునే భాగంతో వచ్చింది. దాని పట్టీలను, వీపుకూ కూర్చునే దిండుకూ మధ్యనున్న ఇరుకు సందులోంచి వెనక్కి తోసి, కింద ఇనుప కొక్కేలకు తగిలించాలి. పట్టీ మెత్తగా ఉంటుంది, తోస్తే ముడుచుకుంటుంది గానీ ముందుకు పోదు. చెయ్యి పెట్టి తోశాను. చెయ్యి పోయింది. మళ్ళీ రాలేదు.

మా అత్త అరుగు మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. ఆమె మా నాయన చెల్లెలే, అంటే పెళ్ళికి ముందూ అత్తే, తర్వాతా అత్తే. తప్పించుకునే దారి నాకు ఎప్పుడూ లేదు. ధర్మవరంలో ముప్పై నలభై ఏళ్ళు మగ్గం నేసిన చెయ్యి ఆమెది.

"చెయ్యి యాడ పెట్టినావప్పా?"

"సీటు సందులో, అత్తా."

"తీయి మల్ల."

"రాలేదు."

"కారు నిన్ను అరెస్టు చేసిందా?" అని ఒళ్ళోని పొట్టు దులుపుకుని లేచింది. ఇంట్లోంచి నూనె తెచ్చి నా మణికట్టుకు రాసింది. చుక్క కూడా కవరు మీద పడనివ్వలేదు. చెయ్యి బయటికొచ్చింది, కొంచెం తోలు లోపలే ఉండిపోయింది.

ఆమె సందులోకి వంగి చూసి, నన్ను చూసింది. "పాత కవరు యాడ?"

"కోసి పారేసినా."

"అయ్యో నా అల్లుడా! పాతది ఉండంగానే కదప్పా కొత్తది కట్టేది! మగ్గం మీద పడుగు అయిపోతే, పాత పోగులు తెంచి పారేసి మొదట్నుంచి దూరుస్తారా ఎవురైనా? ముసిలోళ్ళయిపోము?"

అప్పుడు వెలిగింది నాకు. నేను పుట్టింది మగ్గాల మధ్యే. పడుగంటే చీరకు నిలువునా ఉండే పోగులు. అవి అయిపోవస్తే, మిగిలిన కొసలను అలాగే ఉంచి, ఒక్కో పాత కొసకు ఒక్కో కొత్త కొస మెలిపెట్టి అతుకుతారు. తర్వాత పాతదాన్ని లాగితే, అది నడిచిన దారిలోనే కొత్తది మగ్గంలోకి వచ్చేస్తుంది. చిన్నప్పుడు ఈ పని వందసార్లు చూశాను. కత్తి చేతిలోకి రాగానే మరిచిపోయాను.

"సరే, ఈ సీటు సంగతేంది ఇప్పుడు?" అన్నాను.

అత్త లోపలికెళ్ళి, మగ్గం మీద పోగుల మధ్య దూర్చే సన్నటి వెదురుబద్ద ఒకటి తెచ్చింది. చేతుల్లో అరిగి అరిగి అద్దంలా నునుపెక్కింది అది. దాని కొసకు పట్టీ కట్టి సందులోకి తోసింది. అవతల నేను అందుకున్నాను. అంతే.

మిగిలిన సీట్లకు బద్ద కూడా అక్కర్లేకపోయింది. పాత పట్టీ కొసకు కొత్త పట్టీ కొస ఆమె ముడేస్తుంది. ముడి ఎంత సన్నమంటే వేలికి తగలదు. "లాగు" అంటుంది, నేను వెనక నుంచి లాగుతాను. పాతది నా చేతిలోకి, కొత్తది దాని చోటికి. వెనక సీటు దగ్గర మాత్రం ఉత్సాహంలో బెల్టులు తగిలించే బుడిపెలను కవరు కింద పాతిపెట్టేశాను.

"బెల్టు పెట్టుకునేది యాడప్పా?"

"లోపల నిద్రపోతాండాయి అత్తా."

"లేపు."

మళ్ళీ విప్పి, వాటిని బయటికి తీసి, బిగించాను. చివరగా ఆమె కింది కొక్కేలన్నీ వేళ్ళతో తడిమింది. కొసలు లోపలికి వంచమంది. వంచిన వాటి మీద గుడ్డ చుట్టించింది.

"అవి కింద ఉంటాయి కదత్తా, ఎవరు సూస్తారు?"

"చీర కుచ్చిళ్ళు యాడ ఉంటాయి, నెత్తినా?"

శుక్రవారం ఎనిమిదికి పదినిమిషాల ముందే శెట్టిగారింటి ముందు బండి ఆపాను. పెద్దమ్మ వెనక తలుపు తెరిచింది, ఎక్కలేదు. అరచేత్తో సీటు నిమిరింది. కొంగు తీసి నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి లాగింది. తర్వాత వంగి సీటు కిందికి చెయ్యి పోనిచ్చింది.

"కొక్కేలకు గుడ్డ చుట్టినారే! ఇది అంగడోళ్ళ పని కాదు. ఎవురేసినారు?"

"నేనే పెద్దమ్మా."

"నువ్వు ఇంత దూరం ఆలోచించవు."

"మా అత్త ఆలోచించింది, నేను వంగినా."

అప్పుడు నవ్వింది. మంగళవారం నుంచి బాకీ ఉన్న నవ్వు. ఎక్కి కూర్చుని, సర్రున అవతలి కిటికీ దాకా జరిగింది. ఆమె వెనకే కోడలూ మనవరాలూ జరిగారు. మూడు కొత్త పట్టుచీరలు, ఒక్క పోగు కదలలేదు. ధర్మవరం దాటకముందే ఆమె కొడుక్కి ఫోన్ చేసింది.

"ఆ ఇంగొక బండోనికి చెప్పినావా? వద్దని చెప్పు. ఈ ముహూర్తాలన్నిటికీ మన బండి ఉండాది."

మన బండి అంది! నేను అద్దంలోకి చూడలేదు, చూస్తే నా మొహం నాకే నవ్వొచ్చేది. అవసరం లేని చోట కూడా రెండుసార్లు హారన్ కొట్టాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్త అరుగు మీదే ఉంది. "ఏమన్నారు?" అంది. సీజనంతా మనదే అని చెప్పాను. ఆమె వెంటనే లేచింది. లోపలికి పోయి పెట్టెలోంచి ఒక పట్టుచీర తీసి కట్టుకుని వచ్చింది. ఇన్నేళ్ళూ పట్టు నేసిన మనిషి పట్టు కట్టగా నేను చూసింది తక్కువ. వెనక తలుపు తానే తెరుచుకుని సీటు నడిమధ్యన కూర్చుంది.

"యాడికి పోవల్లత్తా?"

"యాడికీ వద్దు. ఊరంతా తిప్పు. నిదానంగా పోనీ, అందరూ చూడల్ల."