అక్తరున్నీసా తరగతి ఓడ

ఓడ బొమ్మ కంటపడితే చాలు, సదాశివ దాని పొగగొట్టాలు లెక్కపెట్టి, అది ఏ తరగతి యుద్ధనౌకో తేల్చేదాకా పక్కవాళ్లను బతకనివ్వడు. పోనీ సముద్రం చూసిన మనిషా అంటే అదీ లేదు. నయాపూల్ మీద మూసీ దాటడమే ఆయన చేసిన నౌకాయానం. కోర్టులో టైపిస్టుగా ఉన్న రోజుల్లో, ఫుట్‌పాత్ మీద తొలినాటి ఉక్కు యుద్ధనౌకల పుస్తకం ఒకటి కొన్నాడు. అంతే, ఆయనుండే జహనుమా బస్తీకి శాంతి పోయింది.

అందరికన్నా ఎక్కువ నలిగినవాడు దోస్తు అబ్దుల్ వాహెద్. చార్మినార్ దగ్గర గాజుల దుకాణం ఆయనది. పొద్దంతా బేరాలాడినా రాని తలనొప్పి, సాయంత్రం ఇంట్లో సదాశివతో ఒక్క చాయ్ తాగితే వచ్చేది.

"చూడు వాహెద్ భాయ్, పొగగొట్టాలు పక్కపక్కన ఉంటే మెజెస్టిక్ తరగతి. ఒకదాని ఎనక ఒకటి ఉంటే కనోపస్. గింత సులువు!"

"నా దుకాణంల ఎర్ర గాజులు, పచ్చ గాజులు. గది ఇంక సులువు. చాయ్ తాగు."

ఎదురింటి కమల కొడుకు పింటూ పుట్టినరోజుకు ఓడ కేకు తెచ్చారు. పిల్లవాడు కత్తి ఎత్తాడో లేదో, "ఆగుండ్రి!" అని కేకేశాడు సదాశివ. "మూడు పొగగొట్టాలు! ఇది రష్యావాళ్ల ఓడ. మన జెండా ఎవరు పెట్టిండ్రు?" అంటూ జెండా పీకేశాడు.

"అన్నా, అది కేకు!" అంది కమల.

"కేకైతే తరగతి ఉండదా?"

క్రీము కారిపోయింది. పింటూ ఏడుపు లంకించుకున్నాడు. సదాశివకు నచ్చజెప్పి ఇంటికి లాక్కుపోయింది మళ్లీ వాహెదే.

దీనికి తోడు కుర్చీ గోల ఒకటి. వాహెద్ ఇంట్లో గోడకు ఆనించి ఒక కుంటి కుర్చీ ఉంది. కిర్రు కిర్రుమని ప్రాణం తీస్తుంది. సదాశివకు అదే కావాలి. సోఫా కొన్నా సరే, దానిమీద కూర్చోడు. ఆ కుర్చీలో ఎవరున్నా లేపేస్తాడు. ముప్పై ఏళ్లుగా ఇదే లొల్లి.

ఆ కుర్చీ వెనక గోడ మీద వాహెద్ తల్లి అక్తరున్నీసా ప్రాణం వేలాడుతూ ఉంటుంది. అదొక ఓడ ఫోటో. ఆమె తాత దాని మీద పనిచేశాడట. రోజూ కొంగుతో తుడిచి, "జంగీ జహాజ్! లడాయి ఓడ! మా దాదా ఫిరంగి పేల్చిండు" అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

వాహెద్ కూతురు ఫరీహా సంబంధం ఖాయం చేసుకోవడానికి మగపెళ్లివారు వస్తున్న రోజు, వాహెద్ దోస్తును గుమ్మంలోనే పట్టుకున్నాడు.

"ఇయ్యాల ఓడల మాట ఎత్తినవంటే దోస్తానా ఖతం!"

"ఎత్త. నా కుర్సీ నాకియ్యి."

కుర్చీలో పెళ్లికొడుకు తాత కూర్చుని ఉన్నాడు. సదాశివ తిన్నగా పోయి, "పెద్దాయనా, జర లేవుండ్రి" అన్నాడు. వాహెద్ పరుగున వచ్చాడు. రెక్క పట్టి లాగి సోఫాలో కుదేశాడు. ఫోటో సరిగ్గా ఎదురుగా ఉంది.

ఇంతలో అక్తరున్నీసా దాదా కథ ఎత్తుకుంది. పెద్దాయన వెనక్కి తిరిగి ఫోటో చూసి, "జంగీ జహాజా? ఫిరంగులు కనిపిస్తలేవు?" అన్నాడు.

ఆమె ముఖం చిన్నబోయింది. "సదాశివను అడుగుండ్రి. ఆయనకు ఎరక లేని ఓడ లేదు."

అయిపోయింది అనుకున్నాడు వాహెద్. సదాశివ మెల్లగా కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు తలెత్తి గోడవైపు చూశాడు.

"జంగీ జహాజే. ఫస్ట్ క్లాస్!"

"ఏ తరగతి?" పెద్దాయన వదల్లేదు.

"అక్తరున్నీసా తరగతి. ఒక్కటే కట్టిండ్రు."

ఇల్లంతా గొల్లున నవ్వింది. పెద్దాయన కూడా నవ్వి, మిఠాయి అందుకున్నాడు. సంబంధం ఖాయమైంది.

అందరూ వెళ్లాక వాహెద్ దోస్తును పక్కకు లాగాడు. "నిజం చెప్పు. ఏంది అది?"

"బొగ్గు ఓడ. యుద్ధనౌకలకు బొగ్గు మోసేది. ఒకటే పొగగొట్టం, ఒక్క ఫిరంగి లేదు. మొదటి దినమే చూసిన."

"మరి ముప్పై ఏండ్లు నోరెట్ల మూసుకున్నవ్?"

"కండ్ల ముంగట ఉంటే నా నోరు ఆగుతదా భాయ్? గందుకే దానికి ఈపు పెట్టి కూసున్న."

మర్నాడు సాయంత్రం పింటూ వచ్చి ఆ కుర్చీ ఎక్కితే, వాహెదే లేపేశాడు. కుంటి కాలి కింద అట్టముక్క మడిచి పెట్టి, చాయ్ చెప్పాడు. సదాశివ వచ్చి కూర్చున్నాడు. అటు ఊగాడు, ఇటు ఊగాడు. ముఖం మాడ్చుకున్నాడు.

"కిర్రుమంటలేదేంది? నా కుర్సీని ఎవరు ఖరాబ్ చేసిండ్రు?"