మనవరాలి పిక్కల్లో విషం

డబ్బాల ఫ్యాక్టరీలో ఆయన్ను అందరూ టకటకల మేస్త్రీ అనేవారు. చేపలు, చిక్కుడు గింజలు నింపి మూత బిగించిన డబ్బాలను చిన్న ఇనపకడ్డీతో తట్టి, చప్పుడును బట్టి మంచివేవో చెడ్డవేవో తేల్చడం ఆయన పని. మూత కాస్త ఉబ్బినట్టు కనిపించినా పక్కకు పడేసేవాడు. సరిగా ఉడకని డబ్బాలో గాలి తగలక బోటులినమ్ అనే సూక్ష్మజీవి పెరుగుతుందనీ, అది వదిలే విషం చిటికెడుంటే ఊరంతా పాడెక్కుతుందనీ పనిలో చేరిన రోజే ఆయనకు చెప్పారు. ఆ మాట ఎముకల్లో ఇంకిపోయింది. రిటైరయ్యాక కూడా ఎవరింటికి భోజనానికి వెళ్లినా ముందు వంటింట్లోకి తొంగి చూసేవాడు. చుట్టాలు పిలవడం మానేశారు. తన జాగ్రత్త వల్లే వాళ్లంతా బతికున్నారని ఆయన సంతోషించేవాడు.

కూతురికి నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. పుట్టుకలోనే మెదడుకు కాస్త దెబ్బ తగలడంతో కాళ్ల కండరాలు బిగుసుకుపోయాయి. ఐదేళ్లొచ్చినా మడమలు నేలకు ఆనేవి కావు. గోడ పట్టుకుని మునివేళ్ల మీదే నడిచేది. చూడ్డానికొచ్చిన పొరుగింటావిడ, పిల్ల పుట్టు నాట్యకత్తె అని మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలుకు తల్లి తలుపేసుకుని ఏడ్చింది.

పిల్లల నరాల డాక్టరమ్మ పిక్కల్లో ఇంజెక్షను చేద్దామంది. ఆ రాత్రి భోజనాల దగ్గర కూతురు మందు పేరు బోటులినమ్ అని చెప్పగానే మేస్త్రీ చెయ్యి కడిగేసుకున్నాడు.

“బతుకంతా దాన్ని ఊరి నోటికి అందకుండా కాపలా కాశాను. ఇప్పుడు నా మనవరాలికే పొడిపిస్తారా?”

“ముడతలు పోవాలని సినిమావాళ్లు ముఖానికి పొడిపించుకునేది కూడా అదే నాన్నా.”

“అందుకే గదా వాళ్లకి నవ్వు రానిది.”

అల్లుడు మామగారికి ఎదురుచెప్పే మనిషి కాడు. మీరన్నది నిజమేనని తల ఊపి, మర్నాడే వెళ్లి ఇంజెక్షనుకు తేదీ ఖాయం చేసుకొచ్చాడు.

ఆసుపత్రికి మేస్త్రీ కూడా వెళ్లాడు, ఆపడానికే. డాక్టరమ్మ మందు సీసా చూపిస్తే అలవాటు కొద్దీ గోటితో టక్కున తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఏమన్నా వినిపించిందా అని ఆవిడ అడిగితే సిగ్గుపడి తిరిగిచ్చేశాడు. అప్పుడావిడ కూర్చోబెట్టి చెప్పింది. బిగుసుకోమని నరాల గుండా కండరానికి ఆగకుండా కబురు వెళ్తోంది. ఈ మందు ఆ కబురును నరం చివర కొన్ని నెలలు ఆపుతుంది, అంతే. మెదడుకు తగిలిన దెబ్బ దీనితో నయం కాదు. కండరం వదులైన ఆ నెలల్లోనే సాగదీసే వ్యాయామాలు చేయించాలి, మడమ నేలకు ఆనేలా బిగించే పట్టీలు కట్టాలి. ఇచ్చేది చాలా తక్కువ మోతాదు. అయినా మింగడానికి గానీ ఊపిరి తీసుకోవడానికి గానీ ఇబ్బంది పడితే వెంటనే తీసుకురావాలి.

అంత చెబితే ఆయన చెవికెక్కింది చివరి మాటొక్కటే. ఇంజెక్షనయ్యాక పిల్ల ప్రతి ముద్దా మింగేదాకా గొంతు వంకే చూస్తూ కూర్చునేవాడు. ఆ చూపులకు విసిగిపోయి ఒకరోజు పిల్ల కళ్లు తేలేసి గొంతు పట్టుకుంది. ఆయన దాన్ని భుజాన వేసుకుని, చెప్పుల్లేకుండానే, వీధి మలుపు దాకా పరుగెత్తాడు.

“ఊరికే చేశాలే తాతయ్యా,” అని భుజం మీద కిలకిలా నవ్వింది పిల్ల.

కొన్నాళ్లకు ఒక పొద్దున స్నానాల గది బయట తడి అడుగులు కనిపించాయి. ఎప్పుడూ వేళ్ల గుర్తులే పడే చోట, వెనకాల గుండ్రంగా మడమ ముద్ర. మేస్త్రీ వంగి చాలాసేపు చూశాడు. తుడవబోయిన కూతురిని కసిరాడు. అదే ఆరిపోయేదాకా ఎవరినీ అటు రానివ్వలేదు.

ఆ రోజు నుంచి వ్యాయామాల పెత్తనం ఆయనదైంది. పిల్ల ఏడ్చినా, తిట్టినా, కాలు పట్టుకుని సాగదీయాల్సిందే. తల్లి జాలిపడి ఈపూటకు వదిలేయమంటే, మందు దండగవుతుందని ఆమెకే చీవాట్లు పెట్టేవాడు.

నెలలు గడిచాక, డాక్టరమ్మ చెప్పినట్టే, మడమలు మళ్లీ పైకి లేవసాగాయి. అందరికంటే ముందు కనిపెట్టింది ఆయనే. పిల్లనూ కూతురినీ వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లి, గొంతు తగ్గించి అన్నాడు:

“పోయినసారి దాంట్లో పస లేదమ్మా. ఈసారి కాస్త గట్టి విషం చూసి ఇవ్వండి.”

కూతురు కిటికీ వైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మందులో లోపం లేదని, దాని పని అంతేనని, మళ్లీ మళ్లీ చేయించాల్సి రావచ్చని డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది.

రెండోసారి చేయించాక పిల్ల కాళ్లకు ఆ బిగింపు పట్టీలతో, నాలుగు కాళ్ల ఊతచట్రం నెట్టుకుంటూ గేటు దాటింది. వీధి చివర స్నేహితురాలి ఇంటికట. మేస్త్రీ వెనకే బయల్దేరాడు. పిల్ల ఆగి వెనక్కి తిరిగింది.

“నువ్వు రాకు తాతయ్యా. నీతో వస్తే ఆలస్యమవుతుంది.”

ఆయనకు ఒళ్లు మండింది. సాయంత్రం దాకా గేటు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. కోపంతోనేనట.