అరచేత్తో విన్న పాట

విజయనగరంలో కార్లకు సౌండు సిస్టం బిగించే త్రినాథ్ కొట్టుకి తిరుమలరావు తన పాత కారుకి స్పీకర్ల కోసం నాలుగు రోజులుగా వస్తున్నాడు. ముప్ఫయ్యేళ్లు జూట్ మిల్లు మగ్గాల మోతలో పనిచేసి, చెవులు సగం అక్కడే వదిలేసి వచ్చిన మనిషి. ఆ మోతలో మగ్గం ఎలా ఉందో అరచెయ్యి పెట్టి చెప్పేవాడు. పక్కవాడి మాట పెదవులు చూసి పోల్చుకునేవాడు. ఇప్పుడూ అంతే. పాట పెట్టగానే చొక్కా చెయ్యి మడిచి, స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుంటాడు. "ఇది ఊరికే వణుకుతన్నాది, ఇంకోటి సూపించు" అంటాడు.

అతని దగ్గరున్న డబ్బుకి పెద్ద ఆంప్లిఫయరు కొంటే నాసిరకం స్పీకర్లే వస్తాయి. మేలురకం స్పీకర్లు కావాలంటే చిన్న ఆంప్లిఫయరుతో సరిపెట్టుకోవాలి. "నీ సెవులకి పెద్దదే ఉండాల మావా, ఊరంతా అదిరిపోవాల" అని త్రినాథ్ అరిచి మరీ చెప్పాడు. తిరుమలరావు మంచి స్పీకర్లవైపే చెయ్యి చూపాడు. పాత కారుకి వాటిని బిగించాక భార్య జగ్గమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టాడు. పాట మొదలైంది. ఈసారి అతను కళ్లు మూసుకోలేదు. చరణం వచ్చేసరికి జగ్గమ్మ పెదవులు పాటని అందుకున్నాయి.

"సౌండు పెంచమంటావేటి మావా?" అని త్రినాథ్ అరిచాడు.

"పెంచకురా," అన్నాడు తిరుమలరావు, ఆమె పెదవుల మీంచి చూపు తిప్పకుండా. "నాకు బాగానే ఇనిపిస్తన్నాది."